ఉడుకు గాలి బండి

మా దవాఖానకు అంబులెన్సు వచ్చింది ప్రపంచ యుద్ధం ముగిశాక. ఎక్కడో మంచు కురిసే దేశాల్లో గాయపడ్డ సిపాయిలను మోయడానికి తయారు చేసిన బండి. యుద్ధం అయిపోయి అక్కర తీరిన సరుకంతా అమ్మేస్తుంటే, మిషన్ వాళ్ళు దీన్ని కొని జనగామ దగ్గరున్న మా ఆస్పత్రికి పంపారు. ముదురాకుపచ్చ రంగు. దాని మీద మావాళ్ళు తెల్ల గుండ్రం వేసి, లోపల ఎర్ర శిలువ గీయించారు. వెనక రెండు తలుపులు, లోపల ఇటూ అటూ మడత మంచాలు. కిటికీ అద్దాలు బిగించేసినవి, తెరుచుకోవు. మంచం కింద రేకు పెట్టె ఒకటి ఉండేది, ముందు భాగాన జల్లెడలా చిల్లులతో. అదేమిటో మాకెవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా.

నేను అప్పుడే నర్సు చదువు పూర్తి చేశాను. మా ఊరు పెద్దవంగర పక్కనే. నాయిన చర్చిలో బైబిలు చదివి వినిపించేవాడు, మిగతా రోజుల్లో కూలికి పోయేవాడు. ఆ బండిలో ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుని పల్లెలకు వెళ్ళడం నాకు గర్వంగా ఉండేది.

డ్రైవరుది చిట్యాల వైపు. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. అవి యూనియన్ మిలిటరీ వచ్చి నిజాం పాలన పోయిన తర్వాతి రోజులు. రజాకార్ల పీడ పోయింది గానీ పోరాటం ఆగలేదు. రాత్రిపూట సంగపోళ్ళు, అంటే కమ్యూనిస్టు దళాలవాళ్ళు, రోడ్డుకు అడ్డంగా కందకం తవ్వితే, పొద్దున మిలిటరీ వాళ్ళు ఆ ఊరి జనంతోనే పూడ్పించేవాళ్ళు. ఆ మెత్తటి మట్టి మీద అన్న బండిని మెల్లగా దాటించేవాడు. శిలువ గుర్తు చూసి మమ్మల్ని రెండు పక్షాలవాళ్ళూ పోనిచ్చేవాళ్ళు. బండి బానెట్ మాత్రం అన్న ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఎండాకాలం మొదట్లో ఒక శనివారం, రోగిని దింపి ఒంటరిగా తిరిగి వస్తుంటే తొర్రూరు దగ్గర మిలిటరీ వాళ్ళు అతన్ని ఆపారు. సంగపోళ్ళకు చీటీలు చేరవేస్తున్నాడని అనుమానం. మనిషినీ బండినీ మహబూబాబాద్ క్యాంపుకు తీసుకుపోయారు. ఆ ఊరిని మేము మానుకోట అంటాం. మూడో రోజు బండిని వదిలిపెట్టారు. మనిషిని వదల్లేదు.

పెద్ద డాక్టరమ్మ బెజవాడ నుంచి కొత్త డ్రైవరును పిలిపించింది. లారీలు నడిపినవాడు. మా మాట వింటే అతనికి నవ్వొచ్చేది, అతని మాట వింటే మాకు నవ్వొచ్చేది. అతను వచ్చిన మొదటి రోజే చెప్పాడు. “నర్సమ్మగారూ, వెనకాల వేడిగాలి కొడుతోందండీ. సైలెన్సర్ ఎక్కడో కారుతున్నట్టుంది.” ఎండాకాలం కదా, వేడి కాక ఇంకేముంటుంది అనుకున్నాను. నేను కూర్చునేది ముందు సీట్లో.

ఆ వారంలోనే పెద్దవంగర అవతలి తండా నుంచి కబురొచ్చింది. రెండు రోజులుగా నొప్పులు పడుతున్న అమ్మాయి, కాన్పు కావడం లేదు. వెళ్ళి చూశాను. బిడ్డ అడ్డం తిరిగింది. ఆస్పత్రికి తీసుకుపోవడం తప్ప దారి లేదు. భర్త ఆమెను ఎత్తుకుని బండి దాకా తెచ్చాడు. ఆమె అత్త ముందుగా బండెక్కింది, మంచం మీద బొంత పరుద్దామని. ఎక్కిన మనిషి ఆగిపోయింది. వంగి, రేకు పెట్టె చిల్లుల దగ్గర అరచెయ్యి పెట్టింది. చేతికున్న తెల్లగాజులు మోచేతి దాకా జరిగాయి.

“నర్సమ్మా, గిదేంది? ఉడుకు గాలొస్తున్నది.”

“బండి పాడైందవ్వా. జనగామ దాకా జర ఓర్సుకోవాలె.”

“పాడైతే బందైతది. గిది బందు గాలే, పని జేస్తున్నది.”

ఆమె కిందికి దిగి కొడుకుతో తమ భాషలో ఏదో అంది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత నాకేసి తిరిగి మా తెలుగులోనే చెప్పింది. “గీ బండిని మానుకోట క్యాంపుల పెట్టిన్రట గద. మనుషులను లోపటేసి, తలుపులు మూసి, ఉడుకు గాలి ఇడుస్తరట. సంగపోళ్ళ పేర్లు జెప్పేదాంక తియ్యరట. మా తమ్ముని కొడుకు అడివిల ఉన్నడు. నా కోడల్ని గిండ్ల ఎక్కియ్య.”

ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఎడ్లబండి కట్టారు. నా సంచీ తీసుకుని నేనూ అందులోనే ఎక్కాను. అంబులెన్సు ఖాళీగా మా వెనక నడిచింది. పాలకుర్తి చేరకముందే, దారిలో ఆ ఎడ్లబండిలోనే బిడ్డను కాళ్ళు పట్టి తిప్పి నేనే కాన్పు చేయాల్సి వచ్చింది. బిడ్డ దక్కలేదు. తల్లిని దక్కించుకోగలిగాం. అంబులెన్సులో వేగంగా పోయుంటే బిడ్డ బతికేదా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. బతికేదని చెప్పలేను, బతికేది కాదని కూడా చెప్పలేను.

ఎడ్లబండి తండాకు మళ్ళాక, అంబులెన్సులో తిరుగు దారిలో నాకు ఆ అత్త మీద ఒళ్ళు మండిపోయింది. లేనిపోని పుకారు నమ్మి బిడ్డను పోగొట్టుకుందని లోలోపల తిట్టుకున్నాను. నా గుడ్డలన్నీ నెత్తురు కావడంతో ముందు సీటు పాడవుతుందని వెనక ఎక్కి తలుపులు వేసుకున్నాను. అన్నను పట్టుకుపోయాక నేను వెనక కూర్చోవడం అదే మొదటిసారి. బండి కదిలిన కాసేపటికి గాలి మొదలైంది. పొయ్యి ముందు కూర్చున్నట్టు కాళ్ళకు, ముఖానికి కొడుతోంది. కిటికీ తెరుచుకోదు. బయటి మనుషులు అద్దంలోంచి కనబడుతున్నారు గానీ వాళ్ళ మాట వినబడదు. రెండు మైళ్ళు కూడా ఓర్చుకోలేకపోయాను. డ్రైవరుకూ నాకూ మధ్యనున్న రేకును రెండు చేతులా బాదితే డ్రైవరు బండి ఆపి పరుగెత్తుకొచ్చాడు. రోడ్డు పక్కన నిలబడి ఊపిరి పీల్చుకుంటుంటే, ఆ ముసలామె చెప్పింది అబద్ధమని గట్టిగా అనుకోవడానికి నాకు ధైర్యం రాలేదు. క్యాంపులో నిజంగానే దీనికి ఏదైనా బిగించారేమో. మంచిగున్న బండి అక్కడికి పోయొచ్చాకే గదా ఇట్లయింది.

మర్నాడు పొద్దున్నే డ్రైవరుకు చెప్పాను. ఈ గాలి సంగతి తేల్చేదాకా బండి కదలొద్దని.

అతను ముందు బండి కిందికి దూరాడు. సైలెన్సర్ గొట్టం పొడుగునా తడిగుడ్డ పెట్టి చూశాడు, ఎక్కడా పొగ కారడం లేదు. నేల రేకుల కింద తడిపిన గోనెపట్టాలు కట్టాడు. ఇంజను నడిపి చూస్తే పట్టాలు చల్లగానే ఉన్నాయి, గాలి మాత్రం వేడిగానే వస్తోంది. అప్పుడు రేకు పెట్టె విప్పాడు. లోపల చిన్న ఫ్యాను, దాని వెనక రేడియేటరు లాంటిదే అరచేతి వెడల్పున ఇంకొకటి. దాని నుంచి రెండు రబ్బరు గొట్టాలు నేల కింద నుంచి ఇంజను దాకా పోతున్నాయి.

“ఇదేంటండీ, బండిలో కుంపటి పెట్టారు! ఇంజన్లో మరిగిన నీళ్ళు ఇందులోకొస్తున్నాయి. ఆ వేడిని ఫ్యాను ఊదుతోంది. ఈ దేశంలో ఎవడికండీ ఇది కావలసింది?” అన్నాడు.

గొట్టాల వెంట చెయ్యి పోనిచ్చుకుంటూ ఇంజను వెనక దాక్కున్న చిన్న నల్లాను పట్టుకున్నాడు. అది మొత్తం తెరిచి ఉంది. మళ్ళీ మూసుకోకుండా దాని పిడిని ఇనుప తీగతో గట్టిగా చుట్టి కట్టారు. ఫ్యానుకు పోయే వైరు కూడా, ఇంజను నడిచినంతసేపూ తిరిగేలా మెలేసి ఉంది. ఎవరో కావాలని చేసిన పని. ముసలామె చెప్పిందే నిజమా?

డ్రైవరు తీగ విప్పి, నల్లా మూసి, వైరు తీసేశాడు. పావుగంట ఇంజను నడిపితే గాలి లేదు, వేడి లేదు. మా కష్టం తీరిందనుకున్నాం.

రెండు రోజులు కూడా గడవలేదు. జ్వరంతో ఉన్న ఒక పెద్దాయనను తీసుకొస్తుంటే, నాలుగు మైళ్ళు రాగానే బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. ఇంజను ఉడికిపోతోంది. ఆపి, చల్లారాక పొలంలో మోట బావి నుంచి నీళ్ళు తెచ్చి పోశాం. మళ్ళీ నాలుగు మైళ్ళకు అదే వరస. రోగిని చెట్టు నీడన పడుకోబెట్టి నేను విసురుతున్నాను. డ్రైవరు లేచి వెళ్ళి ఆ నల్లా మళ్ళీ తెరిచి ఫ్యాను తిప్పాడు. అప్పుడు బండి ఉడకలేదు. పెద్దాయనను మాత్రం వెనక తలుపులు తెరిచిపెట్టి, నేను ఆయన్ను పట్టుకుని కూర్చుని, దుమ్ము తింటూ ఆస్పత్రికి చేర్చాల్సి వచ్చింది.

“తెరిస్తే మనుషులు ఉడుకుతున్నారు, మూస్తే బండి ఉడుకుతోంది. ఈ తీగ కట్టినవాడెవడో గానీ వాడికి అసలు సంగతి తెలుసండీ,” అన్నాడు డ్రైవరు.

అప్పటికి నాకు అర్థమైంది. ఆ బానెట్ ముట్టుకునేది అన్న ఒక్కడే.

పది రోజులకు మానుకోట క్యాంపులో ఖైదీలకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయని, పెద్ద డాక్టరమ్మను రమ్మన్నారు. నన్నూ తీసుకెళ్ళింది. ముళ్ళకంచె లోపల రేకుల షెడ్డు. వరసగా కూర్చోబెట్టిన మనుషులు. మందు పోస్తూ పోతుంటే ఆ వరసలో అన్న ఉన్నాడు. గడ్డం పెరిగింది, చెంపలు పీక్కుపోయాయి. నన్ను చూసి తల దించుకున్నాడు. బాగున్నావా అని అడిగే చోటు కాదది.

“అన్నా, బండిల ఉడుకు గాలొస్తున్నది. ఆ తీగ నువ్వే గట్టినవా?” అన్నాను.

అతను తలెత్తాడు. “గట్టిన. ఇప్పిన్రా ఏంది?”

“ఇప్పినం.”

“అయితే ఉడికి ఉంటది.”

“ఉడికింది. పెద్ద పరేషాన్ అయింది.”

వెనక నుంచి బూట్ల చప్పుడు. హవల్దారు మా ఇద్దరి మధ్యకొచ్చి నిలబడ్డాడు. ఉత్తరాదివాడు, మీసం నెరిసింది. మా మాట అతనికి కొంత అర్థమవుతుంది. ఆ కొంతే ప్రమాదమైంది. తీగ ఏమిటి, ఎక్కడ కట్టారు, విప్పితే ఏం ఉడికింది, ఇది ఏ సంకేతం అని హిందుస్తానీలో గద్దించాడు. నేను నిజాం కాలపు బడిలో చదివినదాన్ని, ఉర్దూ వచ్చు. కానీ ఏ మాట చెబితే అన్న మీదికి పోతుందోనని వెతుక్కుంటున్నాను.

పెద్ద డాక్టరమ్మ మధ్యలోకి వచ్చి, “బండి గేటు బయటే ఉంది. వెళ్ళి చూసుకోండి,” అంది.

అతను నిజంగానే వచ్చాడు. బానెట్ తెరిపించి ఇంజను నడిపించమన్నాడు. విప్పిన తీగ ముక్క, నల్లా, రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే చూశాడు. తర్వాత రేడియేటరు మీద పైన ఒకచోట, కింద ఒకచోట చెయ్యి పెట్టి చూశాడు. ముఖంలో కరుకుదనం తగ్గింది.

“పైన కాలుతోంది, కింద చల్లగా ఉంది. నీళ్ళు పారడం లేదు, జామ్ అయింది,” అన్నాడు. యుద్ధంలో తానూ ఇలాంటి బండే నడిపానని, ఆ వేడి పెట్టె లేకపోతే గాయపడ్డవాళ్ళు చలికే చచ్చిపోయేవాళ్ళని చెప్పాడు. ఇక్కడ దానికి పని లేదు, కానీ దీన్ని ఇలా వాడినవాడు తెలివైనవాడని మెచ్చుకున్నాడు. ఆ మాట అన్నాక, తీసుకురండి వాణ్ణి అని సిపాయికి చెప్పాడు.

చేతులకు సంకెళ్ళతోనే అన్నను తెచ్చి బండి ముందు నిలబెట్టారు. అతను నాకేసి చూసి చెప్పాడు. “మన దవాఖాన బాయి నీళ్ళు ఉప్పునీళ్ళు. నేను ఎప్పుడూ వాగు నీళ్ళే తెచ్చి పోసేది. వాగు ఎండినంక బాయి నీళ్ళు పోసిన. నెల తిరుగంగనే లోపల సున్నం పట్టింది. ఆ చిన్న రేడియేటర్ల నుంచి గూడ నీళ్ళు తిరిగితే ఇంజను జర సల్లవడ్తదని నల్లా తెరిచి కట్టిన. వారం రోజుల మాట. ఐతారం నాడు కడుగుదామనుకున్న. శనివారం పట్టుకొచ్చిన్రు.”

“ఎట్ల కడగాలె?”

“చింతపండు. ఇత్తడి బిందెలు తోమేదానికి నానబెడ్తరు జూడు, గట్ల గంగాళం నిండ నానబెట్టి, పిసికి, గుడ్డల వడగట్టి పొయ్యిన్రి. ఇంజను మెల్లగ తిరగనియ్యిన్రి. నీళ్ళు తెల్లగొచ్చేదాంక మల్ల మల్ల కడగాలె.”

హవల్దారు అంతా విని అడిగాడు. “ఇదంతా పట్టుకున్న రోజే ఎందుకు చెప్పలేదు?”

“మీరు బండి గురించి అడగలే, సాబ్,” అన్నాడు అన్న.

హవల్దారు వంగి ఇంజనులోకే చూస్తూ ఉండిపోయాడు. అన్న అదే అదనుగా గొంతు తగ్గించి, “చిట్యాలల మా అవ్వకు ఖబరు పంపు. పానం మంచిగున్నదని,” అన్నాడు. అది హవల్దారు చెవిన పడే ఉంటుంది. కానీ తల ఎత్తలేదు.

ఆస్పత్రి వంటింట్లో ఉన్న చింతపండంతా నానబెట్టాం. వంటామె తిట్టింది గానీ పిసకడానికి తనే కూర్చుంది. మొదటిసారి బయటికొచ్చిన నీళ్ళు ఇటుక రంగులో చిక్కగా ఉన్నాయి, అడుగున గుప్పెడు సున్నపు పెచ్చులు. అలా ఐదుసార్లు. చివర మంచినీళ్ళు పోసి కడిగాం. డ్రైవరు నల్లా మూసి, ఫ్యాను వైరు తెంచి, బండిని ఎర్రటి ఎండలో జనగామ దాకా తిప్పుకొచ్చాడు. రేడియేటరు కింద చెయ్యి పెట్టి చూసి, “పైనా కిందా ఒకే వేడండీ!” అని కేకేశాడు. ఆ రోజు నుంచి ఎండిన వాగులో చెలిమె తవ్వి తెచ్చిన నీళ్ళు తప్ప బండికి ఇంకేవీ పోయలేదు. చిట్యాల వైపు పోయే ఒక రోగి చేత అన్న చెప్పిన మాట వాళ్ళ అవ్వకు చేరవేశాను.

ఇక తండాకు వెళ్ళాలి. నాకు వెళ్ళాలని లేదు. అయినా వెళ్ళాను. ఆ అత్త ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. బండి బాగైందని చెబితే లేచి వచ్చింది. బానెట్ తెరిపించుకుంది. నల్లా ఎక్కడుంది, గొట్టం ఎక్కడికి పోతుంది, అన్నీ అడిగింది. డ్రైవరు తన బెజవాడ తెలుగులో ఓపిగ్గా చెప్పాడు. తర్వాత ఆమె ఒక్కతే వెనక ఎక్కి కూర్చుని తలుపులు వేయమంది. వాగు దాకా పోయి తిరిగొచ్చాం. దిగి, ముఖం తుడుచుకుంది.

“ఉడుకు లేదు. గని వాసన మంచిగ లేదు,” అంది. ఆ తర్వాత అడిగింది. “గీ ముచ్చట ఆ దినం జెప్తే ఏమాయె?”

“ఆ దినం నాగ్గూడ తెల్వదవ్వా.”

“తెల్వదని జెప్పకపోతివి. పాడైందంటివి.”

ఆమె మళ్ళీ చేట అందుకుంది. కోడలు గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. ఆ అమ్మాయి ముఖం మీదికి నా చూపు పోకుండా జాగ్రత్త పడ్డాను.

తండావాళ్ళు వెంటనే నమ్మారని చెప్పను. వానలు పడ్డాక, పాము కరిచిన ఒక మనిషిని మోసుకొచ్చి వాళ్ళే బండి ఎక్కించారు. ఆ అత్త కూడా తోడు ఎక్కింది. జనగామ దాకా దారి పొడుగునా చెయ్యి ఆ చిల్లుల మీదే పెట్టుకుని కూర్చుంది. మనిషి బతికాడు.

పోరాటం ఆగిపోయిన తర్వాత అన్నను వదిలారు. మోకాళ్ళ నొప్పులకు మందు కోసం మా ఆస్పత్రికి వచ్చాడు. పెద్ద డాక్టరమ్మ మళ్ళీ పనిలో చేరమంది. వద్దన్నాడు. “అమ్మా, ఎవలన్న చెయ్యెత్తి ఆపితే ఇగ నా కాలు బిరేకు మీదికి పోదు,” అన్నాడు. చిట్యాలలో అవ్వ దగ్గరే ఉండి రెండెకరాలు చేసుకున్నాడు. ఆ తర్వాత కూడా మందు కోసం రెండు మూడుసార్లు వచ్చాడు. వరండా బల్ల మీద పక్కపక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళం. పంటల గురించి, బావుల గురించి, బండి గురించి. అతను నిజంగా చీటీలు మోశాడో లేదో నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడేమో. లోపల ఉన్నన్నాళ్ళూ అతన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను కూడా వాళ్ళలో ఒకదాన్ని కావాలనుకోలేదు.